చప్పట్లకు గాలం వేయని ఫారడే

పర్సనల్ బ్రాండ్ అంటున్నావు కదమ్మా. జనం చూడాలంటే వాళ్లకు నచ్చినట్టు మారిపోవాలా, లేకపోతే మనం మనలాగే ఉండి, ఎవరూ చూడకపోయినా సరిపెట్టుకోవాలా అని నీ బెంగ. ఈ చిక్కు ఫోన్లతో పుట్టింది కాదు తల్లీ. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో మైకేల్ ఫారడే దీని గురించి చాలా ఆలోచించాడు. ఫారడే అంటే నీకు ఫిజిక్స్ పాఠంలో తీగచుట్ట, అయస్కాంతం గుర్తొస్తాయి. ఆయన జనానికి ఎలా దగ్గరయ్యాడో ఆ పాఠంలో ఉండదు.

కమ్మరి కొడుకు. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే కొట్లో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదువుకుంటూనే సైన్సు పట్టుబడింది. 1812లో ఎవరో టికెట్లిస్తే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. ఆ నోట్సంతా తిరగరాసి, బొమ్మలు వేసి, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడు అక్కడే సహాయకుడిగా చేరాడు.

అదే ఏడాది స్నేహితుడు అబాట్‌కు రాసిన ఉత్తరాలు చూడాలి. అప్పటికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లు. ఇతరులు ఎలా మాట్లాడుతున్నారో, హాల్లో గాలి ఆడుతోందో లేదో, గంట దాటితే జనం ఎలా విసుగుపడతారో అన్నీ గమనించి రాశాడు. చప్పట్లకు గాలం వేసే ఉపన్యాసకుడు తన మర్యాద తానే పోగొట్టుకుంటాడని కూడా అన్నాడు. ఆ మాట నాకు మహా ఇష్టం.

మరి చప్పట్లు అక్కర్లేదని మూల కూర్చున్నాడా? డబ్బిచ్చి బెంజమిన్ స్మార్ట్ అనే గురువు దగ్గర మాట్లాడటం నేర్చుకున్నాడు. తన ఉపన్యాసానికే ఆయన్ని పిలిపించి, తప్పులు చెప్పించుకున్నాడు. ఎదురుగా ‘మెల్లగా’ అని రాసిన అట్ట పెట్టుకునేవాడు. ఉత్సాహంలో అది మర్చిపోయి వేగం పెంచితే, సహాయకుడు ఆండర్సన్ ఆ అట్ట తెచ్చి కళ్లముందు పెట్టేవాడు. మనం మనలాగే ఉండటమంటే ఏమీ నేర్చుకోకుండా నోటికొచ్చినట్టు మాట్లాడటం అనుకుంటారు చాలామంది. నేనొప్పుకోను. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకుంటే మన సొంతదనం ఎక్కడికీ పోదు.

పిల్లల కోసం క్రిస్మస్ సెలవుల్లో ఆయన ఉపన్యాసాలిచ్చేవాడు. అందులో కొవ్వొత్తి మీద చెప్పినవి 1861లో పుస్తకంగా వచ్చాయి. వెలుగుతున్న కొవ్వొత్తిని ఉఫ్ మని ఆర్పితే వత్తి నుంచి తెల్లగా పొగ లేస్తుంది చూడు, అది మైనం ఆవిరి. వత్తికి రెండు మూడు అంగుళాల పైన ఆ పొగలో వెలిగే పుల్ల పెడితే, మంట పొగ వెంబడే కిందికి పరుగెత్తి వత్తిని మళ్లీ అంటుకుంటుంది. మైనం కరిగి, వత్తి సందుల్లోంచి పైకి పాకి, ఆవిరైతే గానీ మండదని పిల్లలు కళ్లారా చూసేవారు. అది చూశాక సూత్రం చెబితే ఎవరు వినరు?

జనం మాటకు ఎదురు నిలవాల్సి వచ్చినప్పుడు ఏం చేశాడో కూడా విను. 1853లో లండనంతా ఒకటే పిచ్చి. నలుగురు చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల తనంతట తానే తిరుగుతోందని, ఆత్మలో విద్యుత్తో తిప్పుతోందని చెప్పుకునేవారు. వాళ్లను వెక్కిరిస్తే తీరిపోయేది. ఆయన అలా చేయలేదు, నిజాయితీపరులనే కూర్చోబెట్టాడు. మెత్తటి జిగురు ముద్దలతో అట్టలు ఒకదానిమీద ఒకటి అంటించి, గుర్తులు గీసి, బల్లమీద పెట్టి, పై అట్టమీద చేతులు ఆనించమన్నాడు. బల్లే ముందు కదిలితే కింది అట్ట ముందుకు జరగాలి. చూస్తే పై అట్ట జరిగింది! చేతులే తోస్తున్నాయి, తోస్తున్నట్టు వాళ్లకే తెలియదు. చేతులు తోసినప్పుడు కదిలే సూచికొకటి అమర్చి, అది వాళ్లకు కనబడేలా ఉంచితే బల్ల కదలడమే మానేసింది. ఈ సంగతి టైమ్స్ పత్రికకు రాశాడు. నమ్మినవాళ్లకు కోపాలొచ్చాయి. అయినా మాట మార్చలేదు. గొప్పవాళ్ల ముందూ ఆయన తీరు మారలేదు. 1855 డిసెంబరులో విక్టోరియా రాణిగారి భర్త ఆల్బర్ట్ కొడుకులను వెంటబెట్టుకుని వచ్చి ఆయన ఉపన్యాసం విన్నాడు. సర్ బిరుదు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి మాత్రం ఫారడే వద్దన్నాడు. ఉత్త మైకేల్ ఫారడేగానే ఉండిపోయాడు.

నీ తర్వాతి వీడియోకి ఆ కొవ్వొత్తే తీసుకో. మీ అమ్మను పక్కన ఉండమను, ఫ్యాన్ ఆపు, లేకపోతే పొగ చెదిరిపోతుంది. వెనక పాట పెట్టకు. ఒక్కోసారి మంట కిందికి దూకదు. ఆ ముక్క కత్తిరించకుండా ఉంచి, పుల్ల ఎంత ఎత్తులో పెట్టావో, ఈసారి ఎంతలో పెడుతున్నావో చూసేవాళ్లకు చెప్పు.