పదిమందిలో పడ్డ పాము

పోయిన వేసవిలో మా మామకు కాలి పుండు ముదిరితే ఆమడగూరు నుంచి తీసుకెళ్లి పట్నంలో ఓ ఆసుపత్రిలో చేర్పించాం. ఆపరేషన్ అయిన రెండో రాత్రి తోడుగా నేనే ఉన్నాను. తెల్లవారుజామున మూడింటికి ఆయన ఒళ్లంతా చెమటలు. "మామా!" అని పిలిస్తే మాట ముద్దముద్దగా వస్తోంది. నర్సమ్మను పిలిచాను. పాపం, చిన్నపిల్ల. వెంటనే వేలు గుచ్చి చూసింది. షుగరు 48!

సెల్లులో ఏదో కొట్టి, "గ్రూపులో పెట్టినానక్కా, డాక్టరు చెప్తానే ఎక్కిస్తా" అంది.

పది నిమిషాలైనా ఉలుకూ పలుకూ లేదు. "ఐదుగురు చూసినారే!" అంది ఆ పిల్ల బిత్తరపోయి. చూసిన ఐదుగురూ ఇంకొకరు పోతారులే అనుకున్నారు. చూడాల్సిన డ్యూటీ డాక్టరేమో థియేటర్లో, ఆయన సెల్లు బయట బల్లమీద! చివరికి పెద్ద నర్సు పరుగున వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి మామ కళ్లు తెరిచి, "కాఫీ తాగితివామ్మా?" అన్నాడు. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

షుగరు 70 కంటే తగ్గితేనే జాగ్రత్తపడాలి. 54 కంటే దిగితే ఆలస్యం అసలు పనికిరాదు. అంతటి కబురు పదిమందికీ చేరింది, పని మాత్రం జరగలేదు. పదిమందిలో పడ్డ పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు.

మన దేశంలో మొదటి సెల్ ఫోను మాట 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. ఆ రోజుల్లో డాక్టర్ల నడుముకు పేజర్లుండేవి. అది కుయ్‌మంటే పిలుపు తనకేనని ఆ డాక్టరుకు తెలిసేది. ఇప్పుడు ఫొటోలు, రిపోర్టులు క్షణంలో పంపే సౌకర్యం వచ్చింది. కానీ పిలుపు ఎవరికన్నది గుంపులో కలిసిపోయింది.

దీనికి మందు లేకపోలేదు. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన ఒక పద్ధతిని అక్కడి ఆసుపత్రులు అందిపుచ్చుకున్నాయి. కబురు నాలుగు ముక్కల్లో చెప్పాలి: ఇప్పుడేం జరిగింది, రోగి సంగతేమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. విన్నవారు దాన్ని తిరిగి పలకాలి. అప్పుడే చెప్పింది అందినట్టు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108కి ఫోను చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఊరేది, గుర్తేమిటి, మనిషెట్లున్నాడు అని గుచ్చిగుచ్చి అడిగి ఖాయం చేసుకుంటారు కదా!

ఆసుపత్రుల కోసమే తయారైన ఫోను ఏర్పాట్లూ ఉన్నాయి. కబురు ఆ పూట డ్యూటీలో ఉన్నవారికే వెళుతుంది. వారు పలకకపోతే దానంతటదే పైవారికి పోతుంది. ఇవి లేని చోట కూడా ఒక కట్టుబాటు పెట్టుకోవచ్చు. అత్యవసరమైతే గ్రూపులో రాసి ఊరుకోకూడదు, ఫోను చెయ్యాలి. థియేటర్లోకి వెళ్లే డాక్టరు తన సెల్లు ఇంకొకరి చేతికిచ్చి వెళ్లాలి. రోగి పేరూ ఫొటోలూ సొంత సెల్లుల గ్రూపుల్లో తిరగకుండా చూడాలి. అదీ మర్యాదే.

మరి మంచం పక్కన కూర్చునే మనమో? నేనిప్పుడు మూడు సంగతులు అడుగుతున్నాను. "ఈ రాత్రి డ్యూటీ డాక్టరెవరు? ఆయన పలకకపోతే ఎవరిని పిలుస్తారు?" ఇవి చేర్చిన రోజే. మూడోది కబురు పంపినప్పుడు: "సిస్టర్, పంపినారా, వారు చూసి బదులు చెప్పినారా?"

తగవు పెట్టుకోనక్కర్లేదు. మెల్లగా అడిగితే చాలు. మేం డిశ్చార్జి అయ్యే రోజు ఆ చిన్న నర్సమ్మ వచ్చి, "అక్కా, ఇప్పుడు ఫోను ఎత్తేదాకా కొడతానా" అంది. మామ ఆమె తలమీద చెయ్యి పెట్టి దీవించాడు.