పంట తెగుళ్ళ నిర్ధారణలో ఉమ్మడి ప్రయోగశాల: 2000 నాటి అనంతపురం వేరుశనగ తెగులు ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వ్యవసాయ జీవసాంకేతిక పరిశోధనకూ తెగుళ్ళ నిర్ధారణకూ విశ్వవిద్యాలయాలు కలిసి వాడుకోదగిన ప్రయోగశాలలు కావాలన్న మాట తరచు వినబడుతుంది. ఆ ఆలోచన సాధారణంగా పరికరాల కొనుగోలు దగ్గరే ఆగిపోతుంది. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా వేరుశనగను దెబ్బతీసిన తెగులును శాస్త్రవేత్తలు గుర్తించిన తీరును పరిశీలించి, ప్రయోగశాల సామర్థ్యం యథార్థంగా ఎక్కడ ఉంటుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వేరుశనగ, కాండం కుళ్ళు వైరస్, మొవ్వుకుళ్ళు వైరస్, ఎలైసా, ఉమ్మడి ప్రయోగశాల, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు.

1. ప్రవేశిక

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలల్లో మొక్కలు ఉన్నట్టుండి మాడిపోసాగాయి. మొదట లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. తరువాత ఆకు తొడిమలు, కాండం నల్లబడ్డాయి. చివరకు మొక్క మొత్తం ఎండిపోయింది. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నదనీ, నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందనీ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. వాన మీద ఆధారపడి, ప్రధానంగా ఒకే పంటను నమ్ముకున్న జిల్లాలో ఆ నష్టం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

రైతు అడిగే మొదటి ప్రశ్న “ఏ మందు కొట్టాలి?” అన్నది. దానికి ముందు జవాబు దొరకవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఇది ఏ తెగులు? ఈ రెండో ప్రశ్నకు పొలంగట్టున జవాబు దొరకలేదు.

2. చూపును మోసగించిన పోలిక

వేరుశనగకు మొవ్వుకుళ్ళు తెగులు కొత్తది కాదు. తామర పురుగుల ద్వారా వ్యాపించే వైరస్ దానికి కారణం. కొత్త తెగులు తొలిదశ లక్షణాలు మొవ్వుకుళ్ళును చాలావరకు పోలి ఉన్నాయి. రెండింటిలోనూ ఆకు మచ్చలు, చిగురు మాడటం కనిపిస్తాయి. అనుభవం ఉన్న కంటికి తేడాలు తరువాతి దశలో తెలుస్తాయి. మొవ్వుకుళ్ళు సోకిన మొక్కలో పక్క కొమ్మలు గుబురుగా పుట్టుకొస్తాయి, వాటి ఆకులు చిన్నవై ముడుచుకుపోతాయి. 2000లో వచ్చిన తెగులులో ఆ గుబురు లేదు. కాయల మీద మాత్రం నల్లని మచ్చలు వచ్చాయి. అయితే ఆ తేడాలు స్పష్టపడేసరికి చేను చేజారిపోతుంది.

మొవ్వుకుళ్ళు చరిత్రలోనే ఇటువంటి పొరపాటు ఒకటి ఉన్నది. దాన్ని కలిగించేది టమాటాలో మచ్చల వడలు తెగులుకు కారణమైన వైరసేనని చాలాకాలం భావించారు. అది వేరైన వైరస్ అని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1992లో ప్రకటించారు. దాన్ని మోసుకొచ్చే తామర పురుగు జాతి విషయంలో కూడా తొలి అభిప్రాయాన్ని సవరించుకోవలసి వచ్చింది. తెలిసినదే అనుకున్న తెగులుకు సరైన పేరు పెట్టడానికే దశాబ్దాలు పట్టిందన్నమాట.

3. గుర్తింపు జరిగిన తీరు

అనంతపురం నమూనాలు ఇక్రిశాట్ వైరస్ ప్రయోగశాలకు చేరాయి. అక్కడ వాడిన ప్రధాన సాధనం ఎలైసా పరీక్ష. ఒక వైరస్‌ను కుందేలు శరీరంలోకి ఎక్కించినప్పుడు దాని రక్తంలో ఆ వైరస్‌ను మాత్రమే పట్టుకునే ప్రతిరక్షకాలు తయారవుతాయి. వాటిని వేరుచేసి దాచుకున్న ద్రవమే యాంటీసీరం. అనుమానిత ఆకు రసానికి దాన్ని కలిపినప్పుడు వైరస్ ఉంటే రంగు మార్పు ద్వారా తెలుస్తుంది. అనంతపురం నమూనాలలో మొవ్వుకుళ్ళు వైరస్ కనబడలేదు. ఈ ‘లేదు’ అన్న ఫలితమే పరిశోధనకు దారి చూపింది.

తరువాతి దశలో నమూనాలు పొగాకు చారల వైరస్ యాంటీసీరానికి స్పందించాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పరిశీలన, వైరస్ కవచ ప్రోటీన్ జన్యువు క్రమాన్ని చదవడం ఆ ఫలితాన్ని బలపరిచాయి. 1936లో అమెరికాలో పొగాకు మొక్కపై వర్ణించిన వైరస్ రాయలసీమ వేరుశనగలో తేలింది. అదే వైరస్ పొద్దుతిరుగుడులోనూ బంతిలోనూ ఉన్నట్టు తెలిసింది. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో మొదట గమనించిన పొద్దుతిరుగుడు నెక్రోసిస్ తెగులుకూ దీనికీ ఉన్న సంబంధం అలా బయటపడింది. బాగేపల్లి అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దును ఆనుకునే ఉండేది. రాష్ట్రం మారితే సమాచారం ఎంత నెమ్మదిగా ప్రయాణిస్తుందో ఈ మూడేళ్ళ వ్యవధిని చూస్తే అర్థమవుతుంది.

ఫలితాలు 2002లో ‘ప్లాంట్ డిసీజ్’ పత్రికలో వెలువడ్డాయి. ఆ వ్యాస రచయితల సంస్థలను గమనించడం ఈ చర్చకు ముఖ్యం. ఇక్రిశాట్‌కు చెందిన డి.వి.ఆర్. రెడ్డి బృందంతోపాటు జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ హైదరాబాద్ కేంద్రానికి చెందిన ఆర్.డి.వి.జె. ప్రసాదరావు, స్కాట్లాండ్‌లోని పంటల పరిశోధన సంస్థకు చెందిన మేయో, రాబర్ట్స్ అందులో ఉన్నారు. ఏ ఒక్క సంస్థా తన నాలుగు గోడల మధ్య ఈ పని పూర్తి చేయలేదు. ఒకచోట పొలం తెలిసినవారు, ఒకచోట యాంటీసీరం నిల్వ, మరొకచోట సూక్ష్మదర్శిని నైపుణ్యం ఉన్నాయి.

4. పేరు మారితే సలహా మారుతుంది

రెండు వైరస్‌లకూ తామర పురుగులతో సంబంధం ఉన్నా వ్యాప్తి విధానం ఒకటి కాదు. మొవ్వుకుళ్ళు వైరస్ పురుగు శరీరంలోనే వృద్ధి చెందుతుంది. పిల్లదశలో దాన్ని గ్రహించిన పురుగు బతికినంతకాలం వ్యాప్తి చేయగలదు. పొగాకు చారల వైరస్ పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఒంటికి అంటుకున్న పుప్పొడిని మోసుకొస్తాయి. అవి ఆకును గీరి తినేటప్పుడు ఏర్పడిన గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది.

ఆ పుప్పొడి ప్రధానంగా వయ్యారిభామ నుంచి వస్తుంది. రోడ్ల పక్కన, గట్ల మీద, బీళ్ళలో తొలి వానలకు మొలిచి విరగబూసే ఈ కలుపు మొక్క వైరస్‌ను తనలో ఉంచుకుని కూడా ఏ రోగలక్షణమూ చూపదు. పైకి నిక్షేపంగా కనిపించే మొక్కను ఎవరూ అనుమానించరు. అందుకే దాని పాత్ర ప్రయోగశాలలో తప్ప బయటపడే అవకాశం లేదు. వేరుశనగ పువ్వులోని పుప్పొడి పురుగులకు అంతగా అందదు కాబట్టి తెగులు వేరుశనగ మొక్క నుంచి పక్క వేరుశనగ మొక్కకు వ్యాపించడం అరుదు. చేనులో ఎండిన మొక్కలను పీకి పారేసే శ్రమకు ఫలితం స్వల్పం. పంటకు ముందే వయ్యారిభామను పూతకు రాకుండా తొలగించడం, చేను చుట్టూ జొన్న, సజ్జ వంటి పైర్లను నాలుగు వరుసలైనా కంచెగా వేసి పురుగులను అడ్డుకోవడం ఉపయోగపడతాయి. నిర్ధారణ లేకుండా ఇచ్చిన సలహా రైతు చేత తప్పు మొక్కను పీకిస్తుంది.

5. ‘కుళ్ళు’ అన్న మాట

తెలుగు పేర్ల విషయం ఇక్కడ కొంత చర్చించదగినది. ఈ తెగులు తెలుగులో ‘కాండం కుళ్ళు వైరస్ తెగులు’గా స్థిరపడింది. శిలీంధ్రం వల్ల కాండం మొదలు కుళ్ళిపోయే మరో వేరుశనగ తెగులును కూడా కాండం కుళ్ళు అనే అంటారు. నెక్రోసిస్ అంటే కణజాలం చనిపోయి ఎండటం. తెలుగువాడికి కుళ్ళు అనగానే తడి, మెత్తదనం, వాసన స్ఫురిస్తాయి. శాస్త్రపదాన్ని తెలుగు చేసినవారు మాడు, ఎండు వంటి మాటలను ఎంచుకుని ఉంటే ఈ గందరగోళం కొంత తగ్గేది.

ఇది భాషాభిమానులు మాత్రమే పట్టించుకోవలసిన విషయం కాదు. ఫోనులో “కాండం కుళ్ళింది సార్” అన్న రైతుకు శిలీంధ్రనాశిని పేరు చెబితే, వైరస్ సోకిన చేనుపై డబ్బు వృథా అవుతుంది. కనుక నమూనాతోపాటు వచ్చే వివరపత్రంలో రైతు తన మాటల్లో చెప్పిన లక్షణాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకునే వరస ఒకటి ఉండాలి. పంటనే ఒకచోట శెనిక్కాయ, ఒకచోట బుడ్డలు, ఒకచోట పల్లికాయ అంటున్నప్పుడు తెగుళ్ళ పేర్లు ఊరూరికీ మారడంలో వింత లేదు. ఆ మాటల పట్టికను తయారుచేయడం తెలుగు శాఖల పరిశోధకులు జీవశాస్త్ర శాఖలతో కలిసి చేయదగిన పని. 

6. పెన్సిలిన్‌తో పరీక్ష

ఎలైసాలో రంగు మార్చే ఎంజైముగా సాధారణంగా ఆల్కలైన్ ఫాస్ఫటేస్‌ను వాడతారు. దాని ఖరీదు ఎక్కువ, దిగుమతి మీద ఆధారపడాలి. 1980ల చివర ఇక్రిశాట్‌లో సుదర్శన, డి.వి.ఆర్. రెడ్డి దానికి బదులు పెన్సిలినేజ్ ఎంజైమును వాడే పద్ధతిని రూపొందించారు. ఈ ఎంజైము పెన్సిలిన్‌ను విడగొట్టి ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం వల్ల బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక నీలం నుంచి పసుపుకు మారుతుంది. పెన్సిలిన్ స్థానికంగా దొరుకుతుంది. రంగు మార్పును కొలవడానికి ఖరీదైన యంత్రం లేకున్నా కంటితో చూసి చెప్పవచ్చు.

ఈ ఉదాహరణకు ఉన్న విలువ పొదుపు ఒక్కటే కాదు. చిన్న కళాశాల కూడా చేయగలిగేలా పరీక్షను మలచడం పెద్ద ప్రయోగశాల బాధ్యత అన్న దృష్టి అందులో ఉంది. ఇక్రిశాట్ అనేక వేరుశనగ వైరస్‌లకు యాంటీసీరాలు తయారుచేసి జాతీయ పరిశోధన సంస్థలకు అందించింది, శిక్షణ ఇచ్చింది. కేంద్ర ప్రయోగశాల నమూనాలను తన దగ్గరికి రప్పించుకోవడంతో ఆగక, పరీక్షను నమూనాల దగ్గరికి పంపగలిగింది.

7. కొన్నది ఉంటుంది, ఉండవలసింది ఉండదు

నేటి విశ్వవిద్యాలయాల్లో పి.సి.ఆర్. యంత్రానికి కొరత లేదు. ఒకే ప్రాంగణంలో వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర, జీవరసాయన, జీవసాంకేతిక శాఖలు ఎవరిది వారు కొనుక్కున్న సందర్భాలు సర్వసాధారణం. ప్రాజెక్టు నిధుల్లో పరికరాలకు ఒక పద్దు ఉంటుంది. ఐదేళ్ళ తరువాత దానిని మరమ్మతు చేసే ఖర్చుకు పద్దు ఉండదు. నమూనాలను దాచే అతిశీతల పెట్టె రాత్రి కరెంటు పోతే ఎవరి బాధ్యత అన్నది ఏ కాగితంలోనూ ఉండదు.

నిర్ధారణకు కావలసిన సామగ్రిలో యంత్రం అతి సులభంగా దొరికేది. అనుమానం లేని రోగపు నమూనా, అనుమానం లేని ఆరోగ్యకరమైన నమూనా ప్రతి పరీక్షలోనూ పక్కపక్కన ఉండాలి. లేకపోతే వచ్చిన ఫలితానికి అర్థం చెప్పలేం. పి.సి.ఆర్. పరీక్షలో ద్రావణాలు కలిపే గది, పరీక్ష పూర్తయిన గొట్టాలను తెరిచే గది వేరుగా లేకపోతే పాత పరీక్షల డి.ఎన్.ఏ. కొత్త నమూనాల్లో కలిసి లేని తెగులును ఉన్నట్టు చూపిస్తుంది. ఈ క్రమశిక్షణ చేతికి అలవాటు కావడానికి ఏళ్ళు పడుతుంది. అలవాటైన పరిశోధక విద్యార్థి ప్రాజెక్టు ముగియగానే వెళ్ళిపోతాడు. ఆ స్థానంలో శాశ్వత సాంకేతిక ఉద్యోగి లేనిచోట ప్రయోగశాల ప్రతి మూడేళ్ళకూ అక్షరాభ్యాసం చేస్తూనే ఉంటుంది. కొత్త సహాయ ఆచార్యుల నియామకాల గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా సాంకేతిక సిబ్బంది ఖాళీల గురించి జరగదు.

8. ఒకటి ఆరయిన తరువాత

1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పంటలను, పశువైద్యాన్ని, గృహవిజ్ఞానాన్ని ఒకే గొడుగు కింద నడిపింది. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానశాస్త్రం విడిపోయాయి. 2014లో రాష్ట్ర విభజనతో తెలంగాణకు ఈ మూడు రంగాలలో వేరు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. అలా ఒకటి ఆరయింది. పరిపాలన కోణంలో ఈ విభజనలకు కారణాలు ఉన్నాయి, వాటిని ఇక్కడ చర్చించనవసరం లేదు. తెగుళ్ళ నిర్ధారణ కోణంలో మాత్రం గమనించవలసింది ఒకటుంది. మిరప, టమాటాలు ఉద్యాన పంటలు, వేరుశనగ వ్యవసాయ పంట. తామర పురుగుకు ఈ తేడా తెలియదు.

పశువుల విషయంలోనూ పరీక్ష సూత్రం అదే. మన దేశంలో తొలిసారిగా 1987లో తమిళనాడులో గుర్తించిన, గొర్రెలు, మేకలకు వచ్చే పి.పి.ఆర్. వ్యాధి లక్షణాల్లో పశువుల ముసర వ్యాధిని పోలి ఉంటుంది. వాటిని విడదీసి చెప్పడానికి కూడా ప్రతిరక్షకాలే ఆధారమయ్యాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు భోపాల్‌లోని పశువ్యాధుల జాతీయ సంస్థ మనుషుల నమూనాలను పరీక్షించింది. హైదరాబాద్ సి.సి.ఎం.బి. కూడా అదే పనిచేసింది. అవసరం తరుముకొచ్చినప్పుడు శాఖల మధ్య గోడలు అడ్డురాలేదు.

పంచుకునే ఏర్పాట్లు మన దేశానికి కొత్తవేమీ కాదు. పరమాణు భౌతికశాస్త్రానికి ఢిల్లీలో, ఖగోళశాస్త్రానికి పుణెలో అంతర విశ్వవిద్యాలయ కేంద్రాలు 1980లలోనే వెలిశాయి. 2020 జనవరిలో మొదలైన ఐ-స్టెమ్ వేదిక ఏ సంస్థలో ఏ పరికరం ఉన్నదో తెలుసుకుని వాడుకునే వీలు కల్పించింది. అది పరికరాన్ని చూపుతుంది. ఆ పరికరం పక్కన నిలబడి ఫలితానికి పూచీ పడే మనిషిని చూపదు. ఖగోళ దర్శినిలో సమయం కేటాయించినట్టు తెగులు పరీక్షకు వచ్చే నెల తేదీ ఇస్తే పంట ఆగదు.

దగ్గరి అనుభవం మరొకటి ఉంది. నెదర్లాండ్స్ సహాయంతో 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ జీవసాంకేతిక కార్యక్రమం మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట రైతులతో ముందుగా మాట్లాడి, వారి సమస్యల నుంచి పరిశోధనాంశాలను ఎంచుకుంది. డబ్బు విదేశానిదైనా ఏ ప్రాజెక్టుకు ఇవ్వాలో హైదరాబాద్‌లోని కమిటీయే నిర్ణయించింది. విదేశీ సహాయం ముగిసిన తరువాత ఆ పని అగ్రి బయోటెక్ ఫౌండేషన్ రూపంలో కొనసాగింది. దాత వెళ్ళిపోయాక కూడా సంస్థ మిగలడం మన దగ్గర అరుదు. దాని ప్రత్యేకత అక్కడే ఉంది.

ఆరు విశ్వవిద్యాలయాలు కొత్త భవనం కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టగల పని ఒకటున్నది. వైరస్ సోకిన ఆకులను ముక్కలుగా కోసి, కాల్షియం క్లోరైడ్‌పై ఆరబెట్టి, మూత బిగించి మామూలు ఫ్రిజ్‌లో ఉంచితే అనేక వైరస్‌లు ఏళ్ళ తరబడి చెడకుండా ఉంటాయి. సీసా మీద పంట, ఊరు, తేదీ, సేకరించినవారి పేరు, రైతు చెప్పిన తెగులు పేరు రాయాలి. ఏ విశ్వవిద్యాలయం దగ్గర ఏ సీసా ఉన్నదో మిగిలిన ఐదింటికీ తెలిసే జాబితా ఉండాలి, అడిగినవారికి అందులోంచి ఒక ముక్క పంపాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక పి.సి.ఆర్. యంత్రం వార్షిక నిర్వహణ ఒప్పందానికి కూడా రాదు. జాబితాను ఎవరు నిర్వహించాలి, సేకరించినవారు బదిలీ అయితే తాళంచెవి ఎవరికివ్వాలి అన్నవి మాత్రం ముందుగా కాగితం మీద పెట్టుకోవలసిన విషయాలు.