నెమ్మదించిన ఫోను: కొత్తది కొనుటకు ముందు

వాన సూచన చూచుటకు, పి.ఎం. కిసాన్ ఓ.టి.పి. అందుకొనుటకు, తెగులు సోకిన ఆకును ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపుటకు నేడు చేతిఫోను అవసరము. అది నెమ్మదించినంతనే కొత్తదానికై అప్పు చేయనక్కరలేదు.

మొదట ఫోనును ఆపి తిరిగి ఆన్ చేయండి. పిదప సెట్టింగ్స్‌లో స్టోరేజి చూడండి. అందులో కనీసము 10 శాతము ఖాళీ ఉండునట్లు చూచుకొనవలెను. స్థలము నిండిన ఫోను తడబడును.

తుడిచివేయుటకు ముందు పాసుపుస్తకము, రసీదులు, పిల్లల సర్టిఫికెట్ల ఫోటోలను కంప్యూటరులో గాని, మెమరీ కార్డులో గాని భద్రపరచుకొనండి. పోయినవి తిరిగి దొరుకుట కష్టము.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ స్టోరేజి' తెరచినచో 5 ఎం.బి. మించిన ఫైళ్లు విడిగా కనిపించును. అక్కరలేని వీడియోలను అక్కడనే తీసివేయవచ్చును. ఆటో డౌన్‌లోడ్‌ను కూడ నిలిపివేయండి. కలుపు తీసిన మడిలో మరల కలుపు విత్తనము పడనీయరాదు గదా!

వాడని యాప్‌లను తొలగించండి. 'క్లియర్ కాషే' నొక్కినచో తాత్కాలిక ఫైళ్లు మాత్రమే పోవును. 'క్లియర్ డేటా' నొక్కినచో ఆ యాప్‌లోని మీ వివరములు కూడ పోవును, జాగ్రత్త. వేగము పెంచెదమని ప్రకటించు 'క్లీనర్' యాప్‌లను నమ్మవద్దు.

బ్యాటరీ పాతబడినను కొన్ని ఫోన్లు నెమ్మదించును. తమ పాత ఐఫోన్లలో ఇట్లు జరుగునని ఆపిల్ సంస్థ 2017లో అంగీకరించినది. అట్టిచో బ్యాటరీ మార్చిన చాలును. ఉబ్బిన బ్యాటరీని మాత్రము వాడరాదు.

ఇన్ని చేసినను ఫలితము లేనిచో, అప్పుడే కొత్త ఫోను మాట ఆలోచించండి.