కాన్పు అయిపోయింది.. ఆ తర్వాత బాలింతను చూసేదెవరు?

కాన్పు గది బయట ఉన్నవాళ్లకు బిడ్డ ఏడుపు వినపడగానే సగం భయం తీరిపోతుంది. ఫోన్లు, స్వీట్లు మొదలవుతాయి. లోపల నర్సుకు మాత్రం అసలు కాపలా అప్పుడే మొదలవుతుంది. కాన్పు తర్వాత అధిక రక్తస్రావంతో జరిగే మరణాల్లో చాలావరకు తొలి 24 గంటల్లో జరిగేవే.

నర్సు వచ్చి పొత్తికడుపు గట్టిగా నొక్కుతుంటే 'మొరటు మనిషి' అనుకునే బాలింతలు ఉంటారు. గర్భసంచి గట్టిపడిందా లేదా అని చూడటానికే అలా నొక్కుతారు. మెత్తగా ఉందంటే లోపలి రక్తనాళాలు మూసుకోలేదని అర్థం. మూత్రం వచ్చిందా అని పదేపదే అడగడమూ అందుకే. నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే సాధారణంగా తక్కువ లెక్క వస్తుంది. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని బాలింత కింద అమర్చి, రక్తస్రావం మితిమీరగానే మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏమవుతుందో నాలుగు ఆఫ్రికా దేశాల్లో పరిశీలించారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్ లేదా మరణం దాకా వెళ్లే ముప్పు 60 శాతం తగ్గినట్టు 2023లో ఫలితాలు వచ్చాయి. ఖరీదైన యంత్రాలేవీ వాడలేదు.

మన దగ్గర సిజేరియన్లు మరో చిక్కు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లయితే, తెలంగాణలో అవి 60.7 శాతం. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లి మొదటి గంటలో ముర్రుపాలు పట్టాలంటే పక్కన నర్సు చెయ్యి ఉండాలి. ఒక్కరే వార్డంతా చూసే రాత్రి డ్యూటీలో అది కుదిరే పని కాదు.

ఇక డిశ్చార్జి. సాధారణ కాన్పయితే కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉంచాలన్నది ప్రభుత్వ మార్గదర్శకం. వెళ్లేటప్పుడు జాగ్రత్తలు తల్లికే చెప్పి పంపితే సరిపోదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇంట్లో పథ్యం ఆమె చేతిలో ఉండదు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలనే అమ్మమ్మనో అత్తగారినో కూర్చోబెట్టి చెప్పాలి: దాహం తీరా నీళ్లివ్వండి, బొడ్డు మీద ఏమీ రాయకండి, జ్వరం, దుర్వాసన, ఆగని తలనొప్పి, చూపు మసకబారడం, గంటలోపే ప్యాడ్ తడిసిపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది బాలింత గారాబం కాదు, చూపించాల్సిన జబ్బు.

ఇంటి దగ్గర ఆశా కార్యకర్త రావాలి. ఆసుపత్రి కాన్పుకు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు. కానీ పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్లో, బాలింత ఉండేది పుట్టింట్లో. ఇక్కడి ఆశాకు ఆమె వెళ్లిన సంగతి తెలుసు, అక్కడి ఆశాకు వచ్చిన సంగతి తెలియకపోవచ్చు. అందుకే డిశ్చార్జి రోజే పుట్టింటి ఊరి పేరు, ఫోన్ నంబరు నర్సుకు రాసివ్వాలి. తల్లీబిడ్డల కార్డును బిడ్డ బట్టలతో పాటే సంచిలో పెట్టుకోవాలి. ఊరికి చేరిన రోజే ఇంట్లో ఒకరు వెళ్లి అక్కడి ఏఎన్‌ఎంకు దాన్ని చూపించి రావాలి.