పెరటి టిల్లరు

రెండేండ్ల క్రిందటి విజయదశమినాడు మా యింట ఆయుధపూజ ఘనముగా జరిగెను. కత్తిపీట, కొడవలి, గునపము, మా వారి సైకిలు మొదలుకొని పెరటి పాకలోని టిల్లరు వఱకు అన్నిటికిని పసుపుకుంకుమలు పెట్టితిమి. టిల్లరు చక్రముల క్రింద నిమ్మకాయలుంచి హారతి యిచ్చితిమి. దాని నూనెకడ్డిని బయటికి తీసి చూచినవారు మాత్రము మాలో ఒక్కరును లేరు. ఏరువాక పున్నమినాడు నాగలిని కడిగి, కఱ్ఱు అరిగినదేమో చూచి, కాడిత్రాళ్లు మార్చి, ఆ పిదప పూజించుట మన పెద్దల యాచారము. అందులో పూజ మాకు మిగిలినది, పరీక్ష పోయినది.

వంటలును అల్లికలును ఉండు పుటలలో ఇనుపయంత్రమేమి యని కొందఱు సోదరీమణులు నవ్వవచ్చును. రుబ్బురోలి స్థానమున గ్రైండరు వచ్చినప్పుడు దాని మీట యెక్కడనున్నదో ముందుగా తెలిసికొన్నది మనమే గదా. పెరటిలోనికి వచ్చిన యంత్రమును మాత్రము మగవారికి విడిచి యూరకుంటిమి. ఆ యూరకుండుటవలన మా యింట జరిగినది ముందు చెప్పెదము.

మాది వైరా. ఖమ్మము నుండి సత్తుపల్లికి పోవు దారిలో నున్నది. నిజాము కాలమున, 1930 ప్రాంతమున కట్టిన జలాశయము క్రింద వరిమడులును, మెట్టను ప్రత్తి, మిరపయు పండును. ఇంకను తూర్పునకు పోయిన అడవియు, భద్రాచలమును. అచటి రామదేవుని యిల్లాలి పేరునకే నాగేటిచాలని యర్థము. అయినను ఆడుది నాగలి ముట్టరాదను కట్టుబాటు మా వైపు నిన్న మొన్నటి వఱకు గట్టిగానే యుండెను. టిల్లరు వచ్చి ఆ కట్టుబాటును అడుగకయే దాటినది. 2014-15లో కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ యంత్రముల కొఱకు సాయము నేర్పరచినప్పుడు, ఇతరులకు వెలలో నూటికి 40 వంతులనియు, స్త్రీలకును చిన్నరైతులకును 50 వంతులనియు, ఒక పరిమితికి లోబడి నిర్ణయించినది. ఇట్లు యంత్రము ఇల్లాలి పేర కొనబడును, దాని గుణదోషములు మాత్రము ఆమెకు తెలియవు.

మా పెరడు పది గుంటలు. ఎడ్లను అమ్మి చాల నాళ్లైనది. పెద్ద ట్రాక్టరు మా దొడ్డిగుమ్మమున దూరదు. అందుచేత ఏడు గుఱ్ఱపుశక్తుల పెట్రోలు టిల్లరు నొకటి కొంటిమి. ముందు ఇంజను, దాని క్రింద రెండు చక్రములు, వెనుక రేకుకప్పు క్రింద ఇరుసునకు బిగించిన వంకర బ్లేడ్లు, ఆ వెనుక హ్యాండిలు పట్టి నడచు మనిషి. బ్లేడ్లకును ఆ మనిషి పాదములకును నడుమ నుండునది ఒకటి రెండడుగుల దూరమే.

కుడిపిడి క్రింద నొక మీట కలదు. దానిని పిడికి అదిమి పట్టినంతసేపే బెల్టు బిగిసి యంత్రము నడచును. చేయి వదలిన బెల్టు వదులై చక్రములును బ్లేడ్లును నిలిచిపోవును. మనిషి పడినచో యంత్రము తనంత తాను ఆగుటకై చేసిన యేర్పాటది. ఆ కార్తికమున మా మరిది కూరపాదులకై పెరడు దున్నుచు, "వదినెగారూ, ఈ మీట పట్టి పట్టి అరచేయి బొబ్బలెక్కినది" అని చూపెను. మాకు జాలి కలిగెను. పాత నేతచీర అంచును చించి, ఆ మీటను పిడికి చేర్చి మేమే గట్టిగా చుట్టి ముడివేసితిమి. ఆనాడును మఱునాడును పని సుఖముగా సాగెను. మంచి యుపాయమని అత్తగారు కూడ మెచ్చుకొనిరి.

మూడవనాడు గోడయొద్ద మలుపు తిరుగుటకై అతడు వెనుకగేరు వేసెను. మడమకు ఇటుక తగిలి వెల్లకిల పడెను. అతని చేయి వదలినను చీర అంచు వదలలేదు. యంత్రము అతని మీదికే వచ్చుచుండెను. "ఆపుడు, ఆపుడు" అని అత్తగారు కేకలు వేయుచుండిరి. మేము పరుగున పోయి యంత్రము ప్రక్కన నిలిచితిమి. కాని ఇంజను నాపు మీట యెక్కడనున్నదో మాకు తెలియదు. పొగగొట్టమును పట్టి చేయి కాల్చుకొంటిమి. తుదకు అతని చెప్పును ఒక ఇటుకముక్కయు బ్లేడ్ల నడుమ ఇఱుకుకొని ఇంజను తానే ఆగెను. ఎడమపాదమున రెండు వ్రేళ్లు పోయినవి.

యంత్రమును బాగుచేయ వచ్చిన మేస్త్రీ ఆ పీలికను విప్పుచు, "దీనిని కట్టినదెవరమ్మా?" అని యడిగెను. మా మరిది మా వంక చూడకయే "నేనే" ననెను. కట్టినవారము మేమని ఇంటివారికి గాక ఇతరులకు చెప్పుట ఇదే మొదలు.

ఆ మీదట ఆ మేస్త్రీ పనిచేయునప్పుడు ప్రక్కన కూర్చుండియు, యంత్రముతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకమును మా వారిచేత తెలుగున చెప్పించుకొనియు కొంత నేర్చితిమి. మొదట చేసిన పని, ఇంజను నాపు మీటకు ఎఱ్ఱరంగు పూయుట. ఇప్పుడు మా యింట దానిని చూపలేనివారు లేరు. టిల్లరు నడచునప్పుడు పెరటిలోనికి పిల్లలను రానీయము. వెనుకగేరులో బ్లేడ్లు తిరుగనీయని యేర్పాటు కొన్ని యంత్రములకు కలదు, మాదానికి లేదు. మీ యింటిదానికి కలదో లేదో కొన్ననాడే అడిగి తెలిసికొనుడు. గోడ దాపున వెనుకగేరు వేయకుండుట మేలు. ఆ రెండడుగుల నేలను గడ్డపారతో త్రవ్వుకొనవచ్చును.

రేకుకప్పు క్రింద చేయి పెట్టవలసి వచ్చినప్పుడెల్ల ఇంజను నాపి, చల్లారనిచ్చి, ప్లగ్గు మీది తీగను ఊడదీసి దూరముగా నుంచవలెను. ఆపినది చాలదా యని మేము నడిగితిమి. చాలదు. బ్లేడ్లను చేతితో త్రిప్పునప్పుడు లోపల ఇంజను ఒక్క చుట్టు తిరిగినను అంటుకొనవచ్చును. తీగ, గరిక, పాత గోనెపీచు ఇరుసునకు చుట్టుకొనుట తఱచు జరుగును. వానిని లాగరాదు, కత్తితో కోసి తీయవలెను.

మీటకును బెల్టునకును నడుమ నుండు ఉక్కుతీగ సంగతి ఇక్కడ చెప్పవలెను, ఏలయన మా మరిది చేతి బొబ్బలకు నిజమైన మందు అందే యున్నది. తీగ సరిగా లేనందున మీట బిరుసుగా నుండెనట! చీర అంచు చించుటకు బదులు తీగకు నూనె వేసి, దాని నట్టును పానాతో అరచుట్టు త్రిప్పియున్న సరిపోయెడిది. ఈ నట్టును కొంచెము కొంచెముగానే త్రిప్పవలెను. తీగ మిక్కిలి వదులైన బెల్టు జాఱి కాలిన రబ్బరు వాసన వచ్చును. మిక్కిలి బిగువైనచో మీట వదలినను బ్లేడ్లు తిరుగుచునే యుండును, అదియు చీరపీలిక కట్టినట్లే. సరిచేసిన పిదప చదునైన ఖాళీ చోట నడిపి, చేయి వదలి చూడవలెను. వెంటనే నిలువనిచో పనిలో దింపరాదు.

ఈ తిరుగు బ్లేడ్లకు మూలపురుషుడు ఆస్ట్రేలియా దేశపు రైతుబిడ్డ ఆర్థర్ క్లిఫర్డ్ హొవర్డు. 1912లో గిల్గాండ్ర యనుచోట తండ్రి పొలమున ఆవిరియంత్రముతో ప్రయోగములు చేసెను. మొదట మట్టి ప్రక్కలకు చిమ్మిపోవుచుండగా, ఇంగ్లీషు "ఎల్" అక్షరము వలె వంగిన బ్లేడ్లు పెట్టి దానిని సరిచేసెను. మన బ్లేడ్లు నేటికిని ఆ వంపుననే యున్నవి. అందుచేతనే అరిగిన బ్లేడ్లను మార్చునప్పుడు అన్నింటిని ఒక్కసారి విప్పరాదు. ఒకటి విప్పి దాని చోట క్రొత్తది బిగించి, పిదప రెండవదానిని ముట్టవలెను. లేనిచో కుడి ఎడమల వంపులు తారుమారై యంత్రము ఒడుదొడుకులుగా నడచును. పదునంచు తిరుగు దిక్కునకే యుండవలెను. కొన్ని టిల్లరులలో రాయి తగిలినప్పుడు తాను తెగి గేరుపెట్టెను కాపాడు మెత్తని పిన్ను నుంచుదురు. అది తెగినప్పుడు గట్టి బోల్టు దూర్చుట పొదుపు కాదు.

నూనె మాట. యంత్రమును చదునున నిలిపి, ఇంజను చల్లగా నున్నప్పుడు కడ్డి తుడిచి చూడవలెను. క్రొత్త ఇంజనులో ఇనుపరజను రాలును గనుక మొదటి నూనెను త్వరగా మార్పవలెను. పిమ్మట కొన్నిటికి 50 గంటలకు, కొన్నిటికి 100 గంటలకు. ఎవరి పుస్తకము వారు చూచుకొనవలెను. గంటల లెక్కను మేము పాలలెక్క వలె పాక గోడపై సుద్దతో గీతలు గీసి వ్రాయుచున్నాము. గాలిజల్లెడలోని స్పంజిని సబ్బునీట కడిగి, ఆరబెట్టి, ఇంజను నూనెలో ముంచి పిండి పెట్టుట మన చేతికి తెలియని పని కాదు. కాగితపు జల్లెడను మాత్రము నీట ముంచరాదు. పెట్రోలు ఇంజను చల్లారిన పిదపనే, పొయ్యికిని దీపమునకును దూరముగా పోయవలెను. మూసిన పాకలో ఇంజను నడిపిన దాని విషవాయువు కంటికి కనబడక ప్రాణము తీయును.

బ్లేడ్ల లోతును నిర్ణయించునది వెనుకనున్న ఇనుపకమ్మి. అది తలక్రిందుల లెక్క. కమ్మిని పైకెత్తిన బ్లేడ్లు లోతునకు దిగును, క్రిందికి దింపిన పైకి లేచును. ఈ మార్పును కూడ ఇంజను నాపియే చేయవలెను. గట్టినేలను ఒక్కసారిగా లోతునకు దున్నబూనిన యంత్రము ఎగిరి ముందుకు దూకును. మొదటి సాలు రెండంగుళములే చాలును. నేల పదును ముఖ్యము. పిడికెడు మట్టి పిసికి వదలిన ముద్ద కట్టి, వ్రేలితో తాకగానే విడిపోవలెను. మా నల్లరేగడి తడిగా నున్నప్పుడు బ్లేడ్లకు పిండివలె అంటుకొనును, ఎండినచో రాయియే. తుంగ, గరిక యున్నచోట దున్నకముందే వేళ్లతో ఏరివేయుడు. బ్లేడ్లు వానిని తునుకలు చేసి పెరడంతయు నాటును. ఈ సంగతి మాకు ఒక వర్షాకాలము నష్టపోయిన పిదప తెలిసినది.

రెండు పిడులకును మలుపు మీటలు గల పెద్ద డీజిలు టిల్లరులు కలవారికి ఒక మాట. వాలున దిగునప్పుడు కుడిమీట నొక్కిన యంత్రము ఎడమకును, ఎడమమీట నొక్కిన కుడికిని పోవును. మిట్టపల్లములు గల అడవిప్రక్క పొలములలో ఇది తెలియక గట్లనుండి పడుదురు.

హ్యాండిలు మన నడుము ఎత్తునకు రావలెను. బోల్టులు వదులుచేసి దింపుకొనుటకు చాల యంత్రములలో వీలున్నది. పనిముట్లు ఆడువారి యెత్తునకును పిడికిలికిని తగినవిగా ఉండవలెనని విచారించుటకు భువనేశ్వరమున 1996లో ఒక పరిశోధన కేంద్రమే వెలసినది. పొలము పోవు మా యూరి స్త్రీలు చీరపై మగవారి చొక్కా తొడిగి పైటను లోపల దోపుదురు. టిల్లరు పట్టునప్పుడు మేమును అట్లే చేయుదుము. జడ ముడివేసి, గాజులు తీసివేసి, మడమ కప్పు బూట్లు తొడుగుదుము. అత్తగారికి గాజుల మాట మొదట నచ్చలేదు. మరిది పాదము చూచిన తర్వాత ఏమియు ననలేదు.

పని ముగిసిన కాలమున పెట్రోలు తీసివేసి, అందుండి మిగిలినది కాలిపోవు వఱకు ఆరుబయట ఇంజను నడిపి, బ్లేడ్ల మట్టిని కఱ్ఱతో గీకి నూనె రాయవలెను. ప్లగ్గు తీగను ఊడదీసియే పాకలో నిలుపవలెను, ఏలయన పిల్లలు త్రాడు కనబడిన లాగక మానరు. ఈ పనులన్నియు ఇప్పుడు మేము దసరాకు ముందునాడు చేయుచున్నాము. నిమ్మకాయలు మఱునాడు పెట్టుదుము.