కంటికి చేతికి గల చుట్టరికము



మా ఉయ్యూరులో మా వీధి చివర ఒక కూలివాని కుటుంబము కలదు. వారి పిల్లవానికి పుట్టుకతోనే రెండు కన్నులయందును శుక్లములు. వానికి వెలుగు చీకటుల భేదము తెలియునే గాని వస్తువు కనబడదు. ఎనిమిదవ యేట ఎవరో శస్త్రము చేయించుమని చెప్పగా, వాని తాత నాయొద్దకు వచ్చి, "బాబూ, తమరు చదువుకొన్నవారు, ఏమి సెలవు?" అని అడిగెను. "ఇన్నేండ్లు చూడని కన్నునకు ఇప్పుడు తెర తీసిన నేమి లాభము? పిల్లవానిని ఊరక హింసపెట్టకుడు" అని నేను చెప్పితిని. నా మాట మన్నించి వారొక సంవత్సరము ఊరకుండిరి. ఆ సంవత్సరపు బాకీ నాపై నున్నది గనుకనే నేడీ విషయమును గూర్చి మాటలాడుచున్నాను.

మనము ఒక చెంబును కంటితో చూచుచున్నాము, దానినే చేతితో తాకుచున్నాము. చూచినదియు తాకినదియు ఒక్కటే యని మన కెట్లు తెలిసినది? కంటికి స్పర్శ తెలియదు, చేతికి రంగు తెలియదు. గౌతముని న్యాయసూత్రములలో మూడవ అధ్యాయము ఈ మాటతోనే ఆరంభమగుచున్నది. చూపుచేతను స్పర్శచేతను ఒకే వస్తువును గ్రహించుచున్నాము గావున, ఈ రెండింటికిని వేరై రెండింటిని ఎరుగువాడు, అనగా ఆత్మ, కలడని ఆయన వాదము. చక్కని వాదమే. అయితే ఆ ఎరుక మనకు పుట్టుకతో వచ్చినదా, వాడుకచేత అలవడినదా? దీనిని మాటలతో గాక మనుష్యునియందే పరీక్షించి చూడవలెనను పూనిక పదునేడవ శతాబ్దమున ఐరోపాఖండమునందు పుట్టినది.

ఆ కాలమునకును మన బందరు రేవునకును కొంత సంబంధము లేకపోలేదు. 1605 నుండి డచ్చివారు బందరులో వర్తకము సాగించుచు మన నేతబట్టలను ఓడల కెత్తుచుండిరి. ఆ డచ్చిదేశముననే కాపురముండిన ఫ్రెంచివాడగు డెకార్టు 1637లో లైడెన్ పట్టణమున ఒక గ్రంథమును ప్రకటించెను. నమ్మినదాని నంతయు ఒక్కసారి సందేహించి చూడుమనియు, ఎంత సందేహించినను సందేహించుచున్న నేను అనునది మిగులుననియు ఆతడు వ్రాసెను. శరీరము యంత్రము వంటిది, మనస్సు వేరు అని అతని విభాగము. యంత్రమన్నప్పుడు విప్పి చూచుటకు వెరపుండదు గదా! శరీరశాస్త్రమున కది మేలు చేసినది. కాని వేరైన మనస్సునకు శరీరము ద్వారా లోకమెట్లు తెలియుచున్నదను చిక్కు అప్పుడే మొదలైనది.

డెకార్టుతో వాదించిన గసెండీ అను పండితునకు బెర్నియరను శిష్యుడుండెను. అతడు వైద్యుడు. ఔరంగజేబు కొలువులోని దానిష్మంద్ ఖాను నొద్ద కుదిరి, ఆయన కొరకు గసెండీ, డెకార్టుల తత్త్వమును పారసీభాషలోనికి మార్చుటయే అయిదారేండ్లు తనకు ముఖ్యమైన పనిగా నుండెనని వ్రాసికొన్నాడు. రక్తము శరీరమున తిరుగుచుండునని చూపుటకై మేకలను, గొఱ్ఱెలను కోయగా అక్కడి పండితులు విస్మయమొంది పారిపోయిరట! ఈ బెర్నియరే తరువాత బంగాళము మీదుగా మన మచిలీపట్టణమునకు వచ్చి గోల్కొండకు పోయెను. పిదప స్వదేశము చేరి, 1677లో పారిసు నగరమున జాన్ లాకు అను ఆంగ్లేయ తత్త్వవేత్తతో మన దేశపు సంగతులు ముచ్చటింపగా, లాకు వానిని తన దినచర్యలో వ్రాసికొనెను.

ఈ లాకు 1690లో ప్రకటించిన గ్రంథమున, పుట్టినప్పుడు మనస్సు వ్రాతలేని తెల్లకాగితము వంటిదనియు, దానిపై అనుభవమే వ్రాయుననియు వాదించెను. డబ్లిన్ నగరవాసియగు మాలినో అను నాతడు ఆయన కొక ప్రశ్న పంపెను. పాపము, అతని భార్య పెండ్లియైన కొలదికాలమునకే చూపు కోల్పోయినది. ప్రశ్న యేమనగా: పుట్టుగ్రుడ్డి యొకడు బంతిని, ఘనచతురస్రమును చేతితో తడవి గుర్తెరిగినవాడు. వానికి హఠాత్తుగా చూపు వచ్చినచో, తాకకుండ, కంటితో చూచి ఏది ఏదో చెప్పగలడా? చెప్పలేడని మాలినో, లాకు లిరువురును తలచిరి. లాకు దానిని 1694లో తన గ్రంథపు రెండవ కూర్పున చేర్చెను. చెప్పగలడని లైబ్నిజు వాదించెను.

నా యెరుకలో తత్త్వశాస్త్రము ప్రకృతిశాస్త్రమున కిచ్చిన కానుకలలో ఇంతకు మించినది లేదు. ఇది కూర్చుండి తర్కించి తేల్చుకొను ప్రశ్న కాదు. కాచుకొనియుండి చూడవలసిన ప్రశ్న. 1728లో లండనులో చెసెల్డెన్ అను శస్త్రవైద్యుడు పదుమూడేండ్ల బాలునకు శుక్లములు తీసి చూచినదంతయు ప్రకటించెను. చర్మమునకు వస్తువులు తగిలినట్లే, చూచినవన్నియు తన కన్నులను తాకుచున్నవని ఆ బాలుడు తలచెనట. పిల్లి ఏదో కుక్క ఏదో మరచిపోయి, అడుగుటకు సిగ్గుపడి, పిల్లిని పట్టుకొని తడవి, దాని ముఖమును తేరిపార చూచి, ఇకమీదట నిన్ను మరువనని దానితోనే చెప్పెనట!

పిమ్మట మనశ్శాస్త్రము తత్త్వశాస్త్రము నుండి వేరుకాపురము పెట్టినది. 1879లో వుంట్ లైప్సిగ్ నగరమున దానికొక పరిశోధనశాల స్థాపించెను. గత శతాబ్దమున అమెరికాలో హ్యూబెల్, వీసెల్ అనువారు పిల్లికూనల కన్నొకటి కొంతకాలము మూసియుంచి తెరచిరి. కన్ను చెడకున్నను మెదడు ఆ కంటి మాట వినుట మానెను. వారికి 1981లో నోబెల్ బహుమానము వచ్చినది. దీనినిబట్టి వయసు మీరిన తరువాత చూపు వచ్చినను వ్యర్థమేయని వైద్యులలోనే పలువురు తలచిరి. నేను తాతతో పలికినది ఇట్టి మాటయే. అయితే నేను చదివి పలుకలేదు, ఊహించి పలికితిని.

మాలినో ప్రశ్నకు సరియైన పరీక్ష మన దేశముననే జరిగినది. అమెరికాలో ఆచార్యుడగు పవన్ సిన్హాయు, ఆయన తోడివారును ఢిల్లీలో శస్త్రము పొందిన, ఎనిమిది మొదలు పదునేడేండ్ల వరకు గల అయిదుగురు పిల్లలను పరీక్షించి 2011లో ఫలితము ప్రకటించిరి. చూచినదానిని మరల చూచి గుర్తించుట, తాకినదానిని మరల తాకి గుర్తించుట వారికి తేలికయైనది. తాకినదానిని చూచి గుర్తింపుమనగా మాత్రము బొమ్మబొరుసు వేసినట్లే యుండెను. లాకు మాటయే నిలిచినది. కాని కొలది దినములు గడువగానే, ఎవరును నేర్పకుండగనే, కంటికి చేతికి పొత్తు కుదిరినది! చూపు పూర్ణముగా తేటపడక పోవచ్చును. పుట్టిన కొన్ని వారములలోనే శస్త్రము చేయించుట ఉత్తమము. అయినను ఆలస్యమైనంత మాత్రమున వ్యర్థము కాదు. మన దారిలో తాడిగడపయందే ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారి ఆసుపత్రి కలదు గనుక, దూరాభారమను సాకు కూడ మనకు లేదు.

ఈ సంగతి చదివిన నాడే తాత యింటికి పోయి, నేను తప్పు చెప్పితినని చెప్పితిని. తొమ్మిదవ యేట పిల్లవానికి శస్త్రమైనది. కట్టు విప్పిన మరునాడు తాత అరుగుమీద ఇత్తడి చెంబు పెట్టి "ఇదేమిరా?" అని అడిగెను. వాడు చాలసేపు చూచి మాటలాడడయ్యెను. చేయి చాచి తాకి, "చెంబు!" అని ఫక్కున నవ్వెను. మూడు వారములు గడచిన పిదప, వీధి మలుపున నా చేతికఱ్ఱను చూచి నన్ను పేరుపెట్టి పిలిచెను. ఇప్పుడు బడికి పోవుచున్నాడు. ముందువరుసలో కూర్చుండినను నల్లబల్లమీది సన్నని అక్షరము వానికందదు. పంతులుగారు వానికొరకై పెద్దగా వ్రాయుచున్నారు. పసితనముననే చేయించియుండిన ఆ చిక్కు తగ్గియుండెడిదని వైద్యులనిరి. అందులో ఒక సంవత్సరము నాది. తాత మాత్రము నన్నింతవరకు ఒక్కమాటయు అనలేదు.