తాగుడు మాన్పించే ఇంటి గోడ మీద ఏముండాలి?

అమీర్‌పేట మైత్రీవనం సెంటర్‌లో ఏ గోడ చూసినా కోచింగ్ కాగితాలు, హాస్టల్ బోర్డులే. వాటి సందున ఎక్కడో ఒకచోట, తాగుడు మాన్పిస్తామంటూ ఒక ఫోన్ నంబరు కనబడుతుంది. మామూలు రోజుల్లో దాని వంక ఎవరూ చూడరు. ఇంట్లో మనిషి తాగివచ్చి సామాన్లు పగలగొట్టిన మర్నాడు, జీతం డబ్బు ఇంటికి చేరని నెలలో, ఆ నంబరు కోసం ఇల్లాలు మళ్ళీ ఆ గోడ దగ్గరకే వెళుతుంది.

అవతలి గొంతు చాలా ధైర్యం చెబుతుంది. "మా మనుషులే వచ్చి తీసుకెళతారమ్మా, మూడు నెలల ప్యాకేజీ. అప్పటిదాకా మీరు చూడటానికి రాకూడదు, ఫోను చేయకూడదు" అంటుంది. అందరూ ఇలాగే మాట్లాడతారని కాదు. రోగిని గౌరవంగా చూసే కేంద్రాలు ఉన్నాయి. కాని ఈ మాటలు వినబడితే మాత్రం అక్కడే ఆగండి. అలసిపోయిన ఇంటివారికి ఆ మూడు నెలలు కంటినిండా నిద్ర దొరుకుతుందనిపించడం సహజం, వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. అయితే ఆ తలుపు వెనక ఏం జరుగుతున్నదో చూసే కళ్ళు కూడా ఉండాలి గదా!

చట్టం ఆ ఏర్పాటు చేసింది. 2017లో వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా అది మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. అలాంటివారిని చేర్చుకుని, ఉంచుకుని, చికిత్సో పునరావాసమో చేసే ప్రతి ఇల్లూ స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టరు కావాలి. ప్రైవేటు వ్యక్తి నడిపినా, ట్రస్టు నడిపినా, ప్రార్థనతో బాగుచేస్తామని మన సంఘాలవారే నడిపినా మినహాయింపు లేదు. రోగి తన బంధువులతోనో స్నేహితులతోనో ఉండే సొంత ఇంటికి మాత్రమే ఇది వర్తించదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయల వరకు, పదేపదే చేస్తే 5 లక్షల వరకు జరిమానా పడుతుంది.

కనుక మనిషిని అప్పగించే ముందు సర్టిఫికెట్ చూపించమని అడగండి. అది తాత్కాలికమా, శాశ్వతమా అని కూడా చదవండి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే ముందు అథారిటీ విచారణ జరపనక్కరలేదు. పన్నెండు నెలలకు ఆ కాగితం వచ్చేస్తుంది. అంటే ఎవరో వచ్చి చూసి బాగుందన్నారని దాని అర్థం కాదు. ఇక అందరికీ కనబడే చోట మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు చిరునామా, ఫోన్ నంబరు రాసి ఉండాలి. తనను చేర్చుకున్న తీరును తిరిగి పరిశీలించమని బోర్డుకు ఫోను చేసుకోవడానికి రోగికి ఉచితంగా వీలు కల్పించాలి. ఇష్టం లేనివాణ్ణి చేర్చాలంటే ఒక సైకియాట్రిస్టు, మరొక నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా పరీక్షించాలి. ఏడు రోజుల్లో, స్త్రీ అయితే మూడు రోజుల్లో, బోర్డుకు తెలియజేయాలి. అలా చేర్చింది ముప్పై రోజులకే. అంతకు మించి ఉంచాలంటే మరిన్ని పరీక్షలు, బోర్డు అనుమతి ఉండాలి. గొలుసులు వేయడం, బలవంతంగా గుండు చేయించడం, పని చేయించడం నిషేధం. కలవడానికి వచ్చినవారిని చూసే హక్కు, ఫోను మాట్లాడే హక్కు రోగివే.

ఇదంతా కాగితాల గొడవ అనుకోకండి. ఏళ్ళ తరబడి తాగినవాడు హఠాత్తుగా మానేస్తే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం, గుండె దడ ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది. మందులతో, థయామిన్ అనే బి విటమిన్ ఇంజెక్షన్లతో దీన్ని దాటించవచ్చు. డాక్టరు లేని గదిలో పెట్టి తాళం వేస్తే దాటించలేరు. అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికీ ఇదే ప్రమాదం. 2015లో కల్లు దొరకక ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఎంతమంది వచ్చారో పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. మరో మాట. తాగితే వాంతులు వచ్చే మాత్ర పొడిచేసి కూరలో కలిపి పెడుతున్న తల్లులు, భార్యలు దయచేసి మానండి. ఆ సంగతి తెలియక అతను తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు.

చూసేవారు లేకపోతే ఏమవుతుందో తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక మానసిక రోగుల ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది కాలిపోయారు. అక్కడికి తెచ్చి వదిలింది చాలావరకు వారి కుటుంబాలే.

మరి మన పెద్దలు ఏం చేయగలరు? అనుకున్నదానికంటే ఎక్కువే. రిజిస్టరైన కేంద్రాలను మూడేళ్ళకొకసారి ఆడిట్ చేయాలని, ఆ చేసేవారిలో స్థానిక సమాజ ప్రతినిధులు ఉండాలని చట్టమే చెబుతున్నది. శాశ్వత రిజిస్ట్రేషన్‌కు ముందు ఆ కేంద్రం ఇచ్చిన రుజువులను ముప్పై రోజులు ప్రజల ముందు పెట్టాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ప్రమాణాలు పాటించడం లేదని ఎవరు ఫిర్యాదు చేసినా అథారిటీ తనిఖీకి ఆదేశించవచ్చు. రోగి బంధువే కానక్కరలేదు. జిల్లా బోర్డులో జడ్జి, కలెక్టరు ప్రతినిధి, డాక్టర్లతోపాటు ఇద్దరు సభ్యులను రోగుల నుంచో, వారిని చూసుకునేవారి నుంచో, వారికోసం పనిచేసే సంస్థల నుంచో తీసుకోవాలి. సంఘ పెద్దలు, బస్తీ పెద్దలు ఈ సంగతి తెలుసుకుని మంచి మనుషుల పేర్లు ముందుకు తేవాలి.

ఏ ఆదివారం మధ్యాహ్నమో ఇద్దరు పెద్దలు, ఒక నర్సమ్మ కలిసి మన వీధిలోని కేంద్రానికి వెళ్ళి పలకరిస్తే నడిపేవారికీ మంచిదే. వంటగది ఎలా ఉంది, రాత్రిపూట ఫిట్స్ వస్తే పిలిచే డాక్టరు ఎవరు, మంటలు లేస్తే తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని మర్యాదగా అడగండి. రోగులకు ఫొటోలు మాత్రం తీయవద్దు, అది వారి గోప్యతకు భంగం.

ఇంటికి తిరిగి వచ్చాక కూడా చికిత్స ఆగదు. పంజగుట్ట నుంచి ఎర్రగడ్డకు మెట్రోలో నాలుగో స్టేషనే. అక్కడి ప్రభుత్వ చికిత్సాలయంలో సైకియాట్రిస్టులు చూస్తారు. మత్తు అలవాట్ల గురించి 14446, మానసిక వేదనకు టెలి మానస్ 14416 ఉచిత నంబర్లు. ఈ రెండు నంబర్లూ ఒక చీటీ మీద రాసి, ఇంట్లో అందరికీ కనబడేలా క్యాలెండరు పక్కన అంటించండి.